సీసాలో పరంజా

ఎండలు మండిపోయే రోజుల్లో కూడా ఉన్ని స్వెటరు చేతికి వేలాడేసుకుని బస్సెక్కే మనిషిని చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది. బస్సులో వాళ్ళు నవ్వేవారు, కండక్టరూ నవ్వేవాడు. ఆవిడ పట్టించుకునేది కాదు. పనిచేసేచోట అందరూ ఆవిడని స్వెటరక్క అనేవారు. ఆ పేరు మెల్లగా ఇంటిదాకా వచ్చేసింది. సొంత తమ్ముడు కూడా నలుగురి ముందు మా స్వెటరక్క అనే చెప్పుకునేవాడు.

ఆవిడ పని చలిగదిలో. ఫ్రిజ్జులో కూరగాయలు ఉన్నంత చల్లగా మనిషి నిలబడి పనిచెయ్యాల్సిన గది అది. కొత్తగా చేరినవాళ్ళు పళ్ళు టకటకలాడిస్తూ కొన్నాళ్ళు ఓర్చుకుని, పై అంతస్తులో కుర్చీ పని ఏమైనా ఖాళీ ఉందా అని వాకబు మొదలుపెట్టేవారు. స్వెటరక్క మాత్రం జుట్టు నెరిసేదాకా ఆ గదిలోనే ఉండిపోయింది. ఎందుకమ్మా అని అడిగితే, లోపల ఎవరూ అనవసరంగా మాట్లాడరు కదా, అనేది.

సంస్థ చిన్నది. పరిశోధన చేసే ల్యాబులకి ప్రొటీన్లు తయారుచేసి అమ్ముతుంది. మందులు తయారుచెయ్యదు. ఈ ముక్క ఇక్కడే గట్టిగా చెప్పెయ్యాలి. ఎందుకంటే తరవాత జరిగిందంతా ఈ ముక్క చెవిన పెట్టనివాళ్ళ వల్లే జరిగింది.

అక్కడ తయారయ్యే వాటిలో ఒకటి స్వెటరక్క చేతికి తప్ప ఇంకెవరికీ లొంగేది కాదు. దానికి నోరు తిరగని పొడుగాటి పేరుంది. మన మెదడులో ఒక కణం ఇంకో కణానికి కబురు చెప్పే అతుకులు కోట్ల కొద్దీ ఉంటాయట. ఆ అతుకు దగ్గర కబురు అందుకునే భాగాలు చెల్లాచెదురు కాకుండా, ఎక్కడివి అక్కడ పట్టి ఉంచడం ఈ ప్రొటీన్ పని. మనిషి మెదడు కోసి తియ్యలేం కాబట్టి, దాన్ని తయారుచేసే మనిషి జన్యువుని బ్యాక్టీరియాలో పెడతారు. పాపం ఆ బ్యాక్టీరియాకి మెదడూ లేదు, కబుర్లూ లేవు. అయినా చెప్పిన పని చేసిపెడుతుంది. తరవాత ఆ బ్యాక్టీరియాని పగలగొట్టి, ఆ రొచ్చంతా సన్నపూసలు నింపిన గాజు గొట్టంలోంచి పంపిస్తారు. కావలసిన ప్రొటీన్‌కి ముందే ఒక చిన్న తోక తగిలించి ఉంటుంది. ఆ తోక పూసల్ని పట్టుకుని ఉండిపోతుంది, మిగతా చెత్తంతా కిందికి కారిపోతుంది. అప్పుడు మెల్లగా దాన్ని విడిపించి సీసాల్లోకి పట్టుకోవాలి.

ఇదంతా ఎవరైనా నేర్చుకోవచ్చు. చిక్కల్లా ఆ ప్రొటీన్ బుద్ధితోనే. అది మహా పెంకిది. కాస్త వెచ్చదనం తగిలినా, ఎవరైనా తొందరపడి కుదిపినా, నురగ వచ్చినా ముద్ద కట్టి తెల్లగా తేలిపోతుంది. ఇంక అది దేనికీ పనికిరాదు. అందుకని స్వెటరక్క గొట్టాన్ని ఎప్పుడూ ఊపేది కాదు. నిద్రపోతున్న పసిబిడ్డని పక్కకి తిప్పినట్టు తిప్పేది. ఆవిడకి కోపం రాదనుకునేవాళ్ళు ఆవిడ కళ్ళముందు ఆ గొట్టాన్ని వేలితో ఒక్కసారి టక్కున కొట్టి చూడాలి. అలా కొట్టి తిట్లు తిన్నవాళ్ళు ఆ సంస్థలో చాలామందే ఉన్నారు.

ఆవిడకి పిల్లలు లేరు. భర్త పోయి చాలాకాలమైంది. ఉన్నదల్లా ఒక్క తమ్ముడు. ఇళ్ళకీ పెద్ద పెద్ద కట్టడాలకీ రంగులేసే పని అతనిది. ఏడంతస్తుల ఎత్తున వెదురు గడల మీద నిలబడి కూనిరాగం తీస్తూ బయటిగోడకి రంగు కొట్టే మనిషి. అసలు నువ్వు ఆ గదిలో చేసేదేమిటక్కా అని అతను ఎప్పుడో అడిగాడు. అతనికి అర్థమయ్యేలా చెప్పాలని ఆవిడ కాసేపు ఆలోచించింది.

"నువ్వు పనిచెయ్యడానికి గోడ పక్కన పరంజా కడతారు కదా, అలాంటిదేరా. మెదడులో ఉంటుంది. మీ పరంజాని పని అయిపోగానే విప్పేస్తారు, దీన్ని విప్పకూడదు. అంతే తేడా."

తమ్ముడికి ఆ మాట తెగ నచ్చింది. మా అక్కా నేనూ ఒకే లైన్లో ఉన్నాం, నేను పరంజా ఎక్కుతాను, అక్క పరంజాలు కట్టి సీసాల్లో పెడుతుంది అని తోటి పనివాళ్ళకి చెప్పుకుని నవ్వించేవాడు. ఆ ప్రొటీన్ పొడుగాటి పేరు కూడా పట్టుబట్టి నేర్చుకున్నాడు. అందరి ముందూ గుక్కతిప్పుకోకుండా ఆ పేరు చెప్పడం అతనికో సరదా. అప్పట్లో అది సరదాయే.

ఆ తమ్ముడికి పెళ్ళయిన చాన్నాళ్ళకి ఆడపిల్ల పుట్టింది. పిల్ల నవ్వుతుంది, పరిగెడుతుంది, నీళ్ళు కనిపిస్తే వదలదు. మాట మాత్రం రాలేదు. కొంతమంది పిల్లలకి ఆలస్యంగా వస్తుందిలే అని అందరూ అన్నారు. ఆ మాట అనేవాళ్ళకి ఏం పోయింది. తోటిపిల్లలు పాఠాలు అప్పజెప్పే వయసొచ్చాక కూడా పిల్ల అమ్మా అనలేదు. చివరికి ఒక పెద్ద డాక్టరు రక్తం తీసి పరీక్షకి పంపించి, ఫలితం వచ్చాక తల్లిదండ్రుల్ని కూర్చోబెట్టి చెప్పింది. పిల్లకి ఒక జన్యువు జతలో ఒకటి పనిచెయ్యట్లేదు, అందువల్ల మెదడులో ఒక ప్రొటీన్ తక్కువ పడుతోంది అని, ఆ ప్రొటీన్ పేరు చెప్పింది.

తమ్ముడు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"ఇది మా అక్క చేస్తుంది మేడమ్," అన్నాడు.

డాక్టరు చిన్నగా నవ్వింది. రోగుల తాలూకువాళ్ళు ఏదో అంటే నొప్పించకుండా నవ్వే నవ్వు అది. తమ్ముడు దాన్ని ఒప్పుకోలు కింద లెక్కేసుకున్నాడు. ఆ నవ్వు బదులు ఆవిడ ఇంకో నాలుగు మాటలు మాట్లాడి ఉంటే ఎంత బాగుండేదో.

తిన్నగా అక్క ఇంటికి వచ్చాడు. చెప్పులు కూడా విప్పలేదు.

"అక్కా, మన పిల్లకి కావలసింది నీ చలిగదిలోనే ఉంది."

జరిగింది వింటూ ఆవిడ మంచం మీద కూర్చుండిపోయింది. ఇన్నేళ్ళు తన చేతుల మీదుగా పోయినదే, సొంత మేనకోడలి తలలో తక్కువైందంటే ఏ మనిషికైనా కాళ్ళూ చేతులూ ఆడవు. కానీ తమ్ముడి మొహంలో వెలుగు చూశాక ఆవిడకి భయం పుట్టింది.

"ఒరేయ్, అది మందు కాదురా. మనుషులకి వాడకూడదు. ప్రతి సీసా మీదా రాసే ఉంటుంది."

"రాయడానికేం అక్కా. మా రంగు డబ్బాల మీద కూడా మూతికి గుడ్డ కట్టుకోమని రాస్తారు. ఎవడు కట్టుకున్నాడు?"

"అది మెదడుదాకా వెళ్ళదు. వెళ్ళినా కణం లోపలికి దూరదు. ఏ కణానికి కావలసింది ఆ కణమే లోపల తయారుచేసుకోవాలి. బయటినుంచి పోస్తే కుదరదు."

"ఎవరైనా పోసి చూశారా?"

"ఎవరు పోస్తార్రా?"

"మరి కుదరదని ఎలా చెప్తావు? సూది వెయ్యడానికి మా వీధిలో కాంపౌండరు ఉన్నాడు. నువ్వు ఒక్క సీసా ఇవ్వు చాలు."

"సూదా? బుద్ధుండే మాట్లాడుతున్నావా? అందులో బ్యాక్టీరియా తాలూకు మడ్డి ఎంతో కొంత ఉండే ఉంటుంది. అది రక్తంలోకి వెళ్తే పిల్లకి జ్వరం వచ్చి ప్రాణాల మీదికొస్తుంది."

తమ్ముడు లేచాడు. గుమ్మం దగ్గర ఆగి, వెనక్కి తిరక్కుండానే అన్నాడు.

"ముక్కూ మొహం తెలియని ల్యాబు వాళ్ళకి ఐసులో పెట్టి మరీ ఇచ్చొస్తావు. సొంత మేనకోడలికి ఇవ్వడానికి మాత్రం నీకు చేతులు రావు."

ఆ మాట ఆవిడకి గుండెల్లో గుచ్చుకుంది. మర్నాడు చలిగదిలో గొట్టం తిప్పుతూ తిప్పుతూ ఆగిపోయింది. కావలసిందేమో అరచేతిలో ఉంది, అది కావలసిన పిల్ల నాలుగు వీధుల అవతల ఉంది, ఈ రెంటికీ మధ్య దారి లేదు. ఇంత అన్యాయం ఎక్కడైనా ఉంటుందా అని ఏడుపొచ్చింది. ఏడుస్తూ కూడా గొట్టాన్ని మెల్లగానే తిప్పింది.

తమ్ముడు అలిగినా రెండు వారాల్లో మాట కలిపాడు. కానీ ఆశ వదల్లేదు. మరదలు అలా కాదు. ఆ రోజునుంచి వదినగారితో మాట్లాడడం పూర్తిగా మానేసింది. ఆడబిడ్డ వస్తే కుర్చీ వేస్తుంది, టీ పెడుతుంది, అన్నం వేళైతే కంచం పెడుతుంది. మర్యాదకి ఏ లోటూ లేదు, మాట మాత్రం లేదు. చెప్పాల్సింది ఏమైనా ఉంటే పిల్లతో చెప్పేది. "మీ అత్తని టీ చల్లారకముందే తాగమను," అనేది. మాటలే రాని పిల్లతో మరి. పిల్ల తల్లి మొహం కేసీ అత్త మొహం కేసీ చూసి, టీ గ్లాసులో వేలు పెట్టబోయేది. స్వెటరక్క నవ్వలేకా ఏడవలేకా ఆ టీ తాగేది.

అయినా రావడం మానలేదు. ఆ ప్రొటీన్ ఎక్కువగా కొనే ల్యాబు ఊరికి ఆ చివర ఉంది. డెలివరీ కుర్రాళ్ళ చేతికిస్తే పెట్టెని ఎండలో పడేస్తారని ఆవిడే స్వయంగా, వెడల్పు మూతి ఫ్లాస్కులో ఐసుముక్కలు నింపి, అందులో సీసాలు గుచ్చి పట్టుకెళ్ళి ఇచ్చొచ్చేది. ఇది పై అధికారులు చెప్పిన పద్ధతి కాదు, ఆవిడ పెట్టుకున్న పద్ధతి. తమ్ముడి ఇల్లు సరిగ్గా ఆ దారిలోనే ఉంది. చలిగదిలోంచి వచ్చిన అత్త వేళ్ళు చల్లగా ఉంటాయని పిల్లకి తెలుసు. రాగానే ఆ వేళ్ళు తీసుకుని బుగ్గలకి ఆనించుకునేది. దానికోసమైనా ఆవిడ ఆ బస్టాపులో దిగేది.

ఒక రోజు పొద్దుటినుంచీ ఒకటే వాన. వానలో బయటిగోడలకి రంగు పని ఉండదు కాబట్టి తమ్ముడు ఇంట్లోనే ఉన్నాడు. స్వెటరక్క వచ్చి, ఫ్లాస్కు ముందుగదిలో బల్ల మీద పెట్టి, పిల్ల చెయ్యి పట్టుకు లాగితే వెనక వసారాలోకి వెళ్ళింది. చూరు కింద బకెట్టులో చినుకులు పడుతుంటే పిల్ల చప్పట్లు కొట్టింది. వాళ్ళిద్దరూ అక్కడ కాసేపు కూర్చున్నారు. తరవాత ఆవిడ ఫ్లాస్కు తీసుకుని బయల్దేరింది. తమ్ముడు గుమ్మందాకా వచ్చి గొడుగు విప్పి ఇచ్చాడు. ఎప్పుడూ లేనిది ఇవాళేమిటీ మర్యాద అని కూడా ఆవిడకి తోచలేదు.

ల్యాబులో సీసాలు తీసుకునే అమ్మాయి మూత తీసి, ఐసు కదిపి చూసింది.

"నాలుగన్నారు కదండీ? మూడే ఉన్నాయి."

స్వెటరక్క ఐసంతా ఒక పళ్ళెంలో కుమ్మరించింది. మూడే ఉన్నాయి. బిగించిన మూత బిగించినట్టే ఉంటే సీసా దారిలో ఎలా జారిపోతుంది? అప్పుడు గొడుగు గుర్తొచ్చింది. దానివెంటే కాంపౌండరు గుర్తొచ్చాడు.

"ఒకటి నావల్లే పోయిందమ్మా. మళ్ళీ చేసి తెస్తాను," అని చెప్పి గబగబా బయటికొచ్చి తమ్ముడికి ఫోన్ చేసింది. మోగుతోంది గానీ తియ్యట్లేదు. మరదలికి చేసింది. అదీ అంతే. బస్సు ఎక్కితే అది నీళ్ళు నిలిచిన రోడ్డు మీద నత్తలా కదిలింది. ఈపాటికి సూది పడి ఉంటుంది, ఈపాటికి జ్వరం మొదలై ఉంటుంది అని ఆవిడ అనుకుంటూనే ఉంది. తనే కదా పరంజా అని చెప్పింది. అర్థం కాని మాటేదో చెప్పి ఊరుకున్నా ఇంతదూరం వచ్చేది కాదు. దిగాల్సిన స్టాపుకి ముందే దిగి, గొడుగు విప్పాలని కూడా తోచక నడిచింది.

తలుపు తోసేసరికి పిల్ల నేలమీద కూర్చుని రంగు డబ్బాల మూతలు ఒకదాని మీద ఒకటి పేరుస్తోంది. ఆవిడ పిల్ల నుదురు చూసింది, మెడ కింద చూసింది, రెండు చేతులూ మోచేతులదాకా తిప్పి చూసింది. వేడి లేదు, సూది గుచ్చిన గుర్తూ లేదు. అత్త తడిచేతి చల్లదనానికి పిల్ల కిలకిలా నవ్వింది.

తమ్ముడు వసారాలో పీట మీద కూర్చుని ఉన్నాడు. ఒక చెయ్యి పొట్ట మీద ఉంది, ఇంకో చెయ్యి పిడికిలి బిగించి ఉంది.

"దానికి ఇచ్చావా?"

"లేదు."

"నిజం చెప్పు."

"పిల్ల మీద ఒట్టు. ఇవ్వలేదు."

పిడికిలి విప్పాడు. సీసా సగం ఖాళీగా ఉంది. మిగిలిన సగం అతని చేతి వేడికి తెల్లగా ముద్దలు కట్టి ఉంది.

"మిగతా సగం ఏదిరా?"

"నేను తాగాను."

ఆవిడకి అర్థం కాలేదు. "నువ్వు తాగడమేమిటి?"

"నువ్వేదో మడ్డి ఉంటుందన్నావుగా. ముందు నేను తాగి, సాయంత్రం దాకా నాకేమీ కాకపోతే అప్పుడు దానికి ఇద్దామనుకున్నాను. సూది కూడా వద్దు, మెల్లగా చెంచాతో పోద్దామనుకున్నాను. తెలియని వస్తువు పిల్లకెలా పోస్తానక్కా?"

స్వెటరక్క అక్కడే గోడకి ఆనుకుని కూలబడింది. గుండెల మీది బరువు ఒక్కసారిగా దిగిపోయేసరికి నవ్వొచ్చింది. తడిసిన చీరతో, కళ్ళవెంట నీళ్ళతో నవ్వింది.

"ఎలా ఉందిరా రుచి?"

"ఉప్పగా ఉంది. చివర్లో కాస్త తీపి. వాసన మాత్రం కుళ్ళిన గుడ్డే," అని అతనూ నవ్వబోయి ఆగాడు. ఏడంతస్తుల మీద నిలబడి కూనిరాగాలు తీసే మనిషి కళ్ళలో బెరుకు కనిపించింది. "నాకేమైనా అవుతుందా అక్కా?"

ఆవిడ తమ్ముడి తలమీద చెయ్యి వేసింది. చిన్నప్పుడు ఏ గింజో మింగేసి, కడుపులో చెట్టు మొలుస్తుందేమోనని ఏడ్చిన పిల్లాడే ఇప్పటికీ ఆవిడ కళ్ళకి. ధైర్యం చెప్పాలన్న తొందరలో ఇంకేమీ ఆలోచించలేదు.

"ఏమీ కాదురా. ఒక గ్లాసుడు నీళ్ళు తాగు. గుడ్డు తిన్నట్టే అనుకో. కడుపులో పడ్డాక అరిగిపోతుంది. అన్నంతో పాటు కలిసిపోయి, అది అని గుర్తుపట్టడానికి కూడా ఉండదు."

తమ్ముడు తలాడించాడు. తరవాత తలాడించడం ఆపేశాడు.

"అరిగిపోతుందా?"

"అరిగిపోతుంది."

"అంతా?"

అప్పుడు గానీ తను ఏమందో ఆవిడకి తెలియలేదు. ఇన్ని నెలలుగా కణాలనీ జన్యువులనీ ఎన్ని చెప్పినా ఒక్కటీ అతని చెవికెక్కలేదు. ఇప్పుడు అతని కడుపు గురించి చెప్తే ఎక్కింది. వెనక్కి తీసుకుందామంటే అబద్ధం చెప్పాలి. ఆవిడకి ఆ క్షణంలో అబద్ధం చెప్పాలనే అనిపించింది. చెప్పలేకపోయింది.

"అంతా," అంది.

"తలదాకా ఏమీ వెళ్ళదా?"

"ఏమీ వెళ్ళదు."

"మరి దానికి పోసినా..."

"దానికి పోసినా అంతేరా."

తమ్ముడు సీసాని పీట పక్కన, దొర్లిపోకుండా జాగ్రత్తగా నిలబెట్టాడు. చాలాసేపు బకెట్టులో పడే నీళ్ళకేసి చూశాడు. తరవాత మొహం మోకాళ్ళ మధ్య పెట్టుకుని ఏడ్చాడు. పిల్లకి మాట రాదని తెలిసిన రోజున కూడా అతను ఏడవలేదు. ఆ రోజు అతని దగ్గర అక్క ఉంది, అక్క దగ్గర సీసా ఉంది. స్వెటరక్క పక్కన కూర్చుని వీపు నిమురుతూ ఉంది. ల్యాబుల వాళ్ళంతా వెతుకుతున్నార్రా, ఏదో ఒక రోజు దారి దొరుకుతుంది అని చెబుదామనుకుంది. ఆ రోజు ఎప్పుడని అడిగితే ఏం చెప్పాలో తెలియక ఊరుకుంది.

మరదలు వసారా గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో ఇద్దరూ చూడలేదు. తమ్ముడు తలెత్తి ఆమెని చూసి, చేత్తో మొహం తుడుచుకున్నాడు. నెలల తరబడి భార్యకి ఆశ పెట్టినవాడు తనే కాబట్టి, ఇది కూడా తనే చెప్పాలనుకున్నట్టున్నాడు.

"అక్క దగ్గర మందు లేదు," అన్నాడు. "దాచిపెట్టలేదు. అసలు లేదు. ఎప్పుడూ లేదు."

"తెలుసు," అంది మరదలు.

"తెలుసా?"

"ఆ డాక్టరమ్మ దగ్గరికి నేను మర్నాడే మళ్ళీ వెళ్ళాను. మీరు పనిలోకి వెళ్ళాక. అది పనికిరాదని ఆవిడ నాకు విడమరిచి చెప్పింది."

స్వెటరక్కకి ఆ టీ గ్లాసులూ, మౌనంగా వేసిన కుర్చీలూ అన్నీ గుర్తొచ్చాయి.

"అన్నీ తెలిసి, మరి నాతో ఎందుకు మాట్లాడలేదమ్మా ఇన్నాళ్ళూ?"

లోపల పిల్ల పేర్చిన మూతలు గలగలా కూలిపోతే మరదలు అటు తిరిగి చూసింది, పిల్ల మళ్ళీ మొదటినుంచీ పేర్చడం మొదలుపెట్టాక ఇటు తిరిగింది. ఈసారి పిల్లతో కాకుండా వదినతోనే మాట్లాడింది.

"మీరు ఉంచుకుని ఇవ్వట్లేదని నాకు నేనే చెప్పుకున్నన్నాళ్ళూ అది ఎక్కడో ఒకచోట ఉన్నట్టే కదా వదినా," అంది.